మగ్గం గుంతలో కప్ప నరం

నేను చదివింది మూడో తరగతి. అయినా కప్ప కడుపుల ఏది ఎక్కడుంటదో అడగండ్రి, చెప్త. పొట్టతిత్తికీ పేగు మొదటి వంపుకూ నడుమ, పసుపుపచ్చగ, నలిగిన రిబ్బను ముక్క లెక్క ఒకటుంటది. పుస్తకంల దాన్ని క్లోమం అంటరట. దానికి నరాలు రెండు దిక్కుల నుంచి వస్తయి. ఒకటి తలకాయ నుంచి దిగుతది, ఒకటి వెన్నుపూస పక్కపొంటి వస్తది. మా మనుమలు నవ్వుతరు. "నానమ్మా, నీకెవరు చెప్పిండ్రే ఇయన్ని?" అంటరు. మా ఇంట్ల కిరాయికున్న పిల్ల చెప్పిందని అంట నేను. అప్పుడు మా అత్త పడ్డ బాధ, ఆ పిల్ల పడ్డ బాధ చూసినోళ్లకు అది మరుపు వచ్చే ముచ్చట కాదు.

పంతొమ్మిదొందల ఎనభై దాటినంక తొలి ఏండ్లు అవి. వరంగల్ కొత్తవాడల మా ఇల్లు. ముందటి అర్రల రెండు గుంత మగ్గాలు, నేలల తవ్విన గుంతల కాళ్లేసి కూసొని నేసేటియి. ఒకదాని మీద మా ఆయన దుప్పట్లు నేసేటోడు. రెండోది మా మామది. ఆయన పోయినంక దాని మీద ఎవ్వరూ కూసోలే, ఖాళీ గుంత అట్లనే ఉండె. ఎనుక వాకిట్ల రంగుల కొట్టం. అది మా అత్త రాజ్యం. నూలుకు రంగెయ్యడంల ఆమె చెయ్యి తిరిగిన మనిషి. ఆమె అరచేతుల గీతల సందున ఎర్రరంగు, నీలంరంగు ఎన్నడూ పోయేది కాదు. అన్నం కలుపుకున్నా, పెండ్లికి పోయినా అదే చెయ్యి.

ఆ పిల్లది వర్ధన్నపేట. సాయిబుల పిల్ల. వాళ్ల నాయిన సైకిళ్లు బాగుచేసేటోడు. ఎమ్మెస్సీ చదివి, దాని మీద ఇంకో పెద్ద చదువుకు యూనివర్సిటీల చేరింది. మా ఎనుకర్ర కిరాయికి అడిగింది. మనిషి నెమ్మదిగ ఉన్నది, మాట మా మాటే. అత్త సరే అన్నది. ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, మూత కట్టిన ఒక బకెట్ తోటి వచ్చింది. ఆ బకెట్ ల ఏమున్నదో మాకు చెప్పలే.

తెల్లారి అత్త నీళ్లకని ఆ మూత ఇప్పింది. ఇంకేమున్నది, బిందె ఒక దిక్కు, అత్త ఒక దిక్కు.

"ఏందే పిల్లా ఇవి?"

"కప్పలవ్వా."

"కప్పలని నాకు కనపడ్తలేదా? నా కండ్లు మసకనే గని గుడ్డివి కాదు. కూరకా?"

"ఛీ, కాదవ్వా. మేం గూడ తినం. చదువుకు."

"కప్పలకు చదువు చెప్తవా?"

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక గోడకు ఒరిగింది. నేను గూడ నవ్విన. అత్త నవ్వలే. అప్పుడు పిల్ల దగ్గరికొచ్చి తన వేళ్లు చూపెట్టింది. గోర్లు, వేలి కొసలు నల్లగ, కాలినట్టు. వెండి మందు మరకలట, ఎంత రుద్దినా పోవట. అత్త ఆ వేళ్లను తన ఎర్ర వేళ్లల్లకు తీసుకొని అటు ఇటు తిప్పి చూసింది.

"నీది గూడ రంగుల పనేనా?" అన్నది.

"అవునవ్వా. నరానికి రంగేస్త."

గంతే. ఆ మాటతోటి ఆమెకు మా ఇంట్ల జాగ దొరికింది. యూనివర్సిటీ లాబుల తొట్టి ఎండిపోయి కప్పలు సచ్చిపోతానయంటె, మా రంగుల కొట్టంల నేల ఎప్పుడూ తడితడిగ ఉంటది గనక ఒక మూలకు ఇటుకలు పేర్చి వాటికి తావు చేసిచ్చింది అత్త. ఒక్క షరతు పెట్టింది. "నా గడప లోపట కొయ్యద్దు." పిల్ల తల ఊపింది. ఎప్పుడూ కొయ్యలే. కొయ్యాల్సిన రోజు తడిబట్ట సంచిల ఏస్కొని హన్మకొండ బస్సెక్కేది.

మా అత్తకు చక్కెర బీమారి. దవాఖాన గోలీలు మింగేది. ఒక పొద్దున నేను కండెలు చుడుతున్న, పిల్ల నా పక్కన నేల మీద కూసొని నూలుపోగులు పరిచి మాకు తన పని చెప్పింది. ఎర్రపోగు రక్తనాళమట. రెండు నల్లపోగులు నరాలట. ఒకటి పైనుంచి, ఒకటి పక్కనుంచి తెచ్చి కలిపి చిన్న ముడేసింది. ఆ ముడి నుంచి నల్లపోగులను ఎర్రపోగు పొంటి నడిపించి, ఒక పసుపు గుడ్డపేలిక కాడ ఆపింది.

"గీడిదాక అందరికీ తెలుసక్కా. ఈ పేలిక లోపట చిన్న చిన్న దీవుల లెక్క కణాలుంటయి. చక్కెర సంగతి చూసేది అవే. నరం ఆ దీవి లోపటికి పోయి కణాన్ని ముడ్తదా, లేకుంటె రక్తనాళం ఒడ్డు పట్టుకొని పక్కనుంచే పోతదా? కప్పల అది కణం దాక పోదంటడు మా సారు. పోతదంట నేను."

"నీకెట్ల తెల్సు?" అన్న.

"ఒక్కసారి కనపడ్డదక్కా. రంగు సరింగ పట్టక సారు చూసేసరికి ఏం లేకుండె."

అత్త ఆ పసుపు పేలిక దిక్కే చూస్తాంది. "అంటె నా బీమారి పుట్టిన తావు కప్పకు గూడ ఉన్నదా?"

"ఉన్నదవ్వా."

"పాపం. దానికి దవాఖాన గూడ లేకపాయె."

ఆ నాటి నుంచి అత్తకు ఆ కప్పల మీద, ఆ పిల్ల మీద ఒక తీరు ప్రేమ, పాయిరం. పొద్దుగాల లేవంగనే కొట్టంలకు పోయి వాటి మీద నీళ్లు చిలకరించేది. "లేవుండ్రే, చక్కెర చుట్టాలూ" అనేది.

ఆ ఎండకాలం మాత్రం మంచి కాలం కాదు. మిరుగం కార్తె దాటినా చినుకు లేదు. బాయిలల్ల అడుగు కనపడ్డది. కప్పలన్నీ ఎక్కడి భూమిలకు అక్కడికి పోయి దాక్కున్నయి, ఎంత వెతికినా కొత్తది దొరకలే. రెండుసార్లు పిల్ల వేసిన రంగు పట్టలే. యూనివర్సిటీల పెద్దసార్ల కమిటీ ఒకటి కూసుంటదట, దాని ముందల ఆ నరాన్ని చూపెట్టాలెనట. చూపకపోతె చదువు ఆడికే ఆఖరు, వర్ధన్నపేటకు వాపసు. "ఈసారి గూడ రంగు పట్టకపోతె నా పని అయిపోయినట్టే అక్కా" అనుకుంట ఒక పొద్దు అన్నం ముందట కూసొని ముద్ద ఎత్తలే. అత్త ఆ మాట విన్నది. ఎంతగనం విన్నదో నాకు తర్వాత తెలిసింది.

గప్పుడే యూనివర్సిటీల పోరగాండ్ల లొల్లయింది. గేట్లు మూసిండ్రు, లాబులకు కరెంటు తీసేసిండ్రు. పిల్ల ఎట్ల బతిమాలుకున్నదో ఏమో, మూడు గోధుమరంగు సీసలు నల్లకాయితం చుట్టి ఒళ్లె పెట్టుకొని బస్సుల తెచ్చింది. దిగేసరికి మొఖం చెమటతోటి, కండ్లు నీళ్లతోటి నిండి ఉన్నయి. కప్ప క్లోమం ముక్కలు, పేగు ముక్కలు అవి, వెండి మందుల నానుతానయి. జ్వరమొచ్చిన మనిషి ఒళ్లంత వెచ్చగ ఉండాలె, వెలుతురు తగలద్దు, కదలద్దు. లాబుల దానికి కరెంటు పెట్టె ఉన్నది. ఇంట్ల ఏమున్నది?

"మీ మామ గుంత ఉన్నది" అన్నది అత్త నాతోటి.

నేను మా ఆయన దిక్కు చూసిన. ఆయన కాలు మగ్గం తొక్కుడు మీదనే ఆగిపోయింది. "నాయిన కూసున్న గుంతల కప్ప ముక్కలా?" అన్నడు.

"మీ నాయిన ఉన్నా పెట్టమనేటోడు. రంగు పట్టే పనే గద."

గుంతల గోనెసంచులు పరిచి, సీసలు పెట్టి, పైన పలక మూసి, దాని మీద పాత దుప్పటి కప్పినం. ఆ ఎండలకు గుంతల ఎంత వెచ్చదనం కావాల్నో అంత ఉన్నది. పిల్ల పొద్దున, మాపున జ్వరంపుల్ల పెట్టి చూసి, "అచ్చం లాబుల ఉన్నట్టే ఉన్నదన్నా" అని మా ఆయనకు చెప్పి మురిసింది. బాయినీళ్లు ఆ సీసల దగ్గరికి తేవద్దని, సీసలు ఎవ్వరం ముట్టద్దని చెప్పింది. ఎందుకో చెప్పలే. మేం అడగలే.

కొన్ని రోజులు బాగనే గడిచినయి. ఆ రోజు పిల్ల గేట్లు తెరిచిండ్రేమో చూసొస్తనని హన్మకొండకు పోయింది. మా ఆయన నూలు తేనీకి పోయిండు. నేను వాకిట్ల రాట్నం ముందల ఉన్న. ముందటర్రల పలక జరిగిన సప్పుడైంది. లేచి పోయిన.

అత్త గుంతల దిగి ఉన్నది. ఒక సీస మూత ఇప్పి చేతుల పట్టుకున్నది. ఇంకో చెయ్యి కొంగుల దాచింది.

"అత్తమ్మా, ఏం చేస్తానవ్?"

"ఏం లేదు."

ఆమె కొంగు కొసకు రాళ్లుప్పు పలుకు ఒకటి అంటుకొని ఉన్నది.

"ఉప్పేశ్నవా?"

"చిటికెడే." ఆమె గొంతు చిన్నగైంది. "రంగు పడ్తలేదు పడ్తలేదని పిల్ల ఏడుత్తాంది. ఉప్పు లేకుంటె నూలుకు రంగెట్ల పడ్తదే? ఇంత చదివింది, దానికి గిది ఎవ్వరూ చెప్పలేదేమో అనుకున్న. పట్టాల్సింది దీంట్లనే గద అని..."

సీసల నీళ్లు అద్దం లెక్క ఉండేటియి. ఇప్పుడు ఇరిగిన పాల లెక్క తెల్లగ, పలుకులు పలుకులుగ కిందికి దిగుతానయి. మేం ఇద్దరం చూస్తాంటనే ఆ తెలుపు వెలుతురు దిక్కు నుంచి మబ్బు రంగుకు తిరగబట్టింది. నేను గబగబ మూతేసి సంచి కప్పిన. అత్త నా భుజం పట్టుకొని గుంతల నుంచి పైకొచ్చింది. పెద్ద సీస అది. మంచి ముక్కలన్నీ దాంట్లనే ఉన్నయని పిల్ల ఎన్నిసార్లు చెప్పిందో మా ఇద్దరికీ ఎరికే. మిగిలిన రెండిట్ల ఉన్నయి వట్టి పేగు ముక్కలు, పక్కన పెట్టి పోల్చుకోనీకి.

"నేను చెప్త అత్తమ్మా" అన్న నేను.

"నువ్వు నోరు మూసుకో. ఏశింది నేను, చెప్పేది నేను." అని గడప మీద కూసున్నది. గోలీ ఏస్కోలే, అంబలి తాగలే. గల్లీ మలుపు దిక్కే చూసుకుంట కూసున్నది. నేను ఆమె ఎనుక నిలవడ్డ. ఆ ఎండల ఒక్కొక్క బస్సు ఆరన్ ఇనపడ్డప్పుడల్లా మలుపు దిక్కు మెడ చాపి చూసిన.

పిల్ల రానే వచ్చింది. అదీ నవ్వుకుంట వచ్చింది. రేపు గేట్లు తీస్తరట, కమిటీ గూడ దగ్గర్లనే పెట్టిండ్రట. "అవ్వా, టైముకు సరిపోతది" అని చెప్పులు ఇడిచింది.

"బిడ్డా, నీ పెద్ద సీసల ఉప్పేశ్న."

పిల్ల నవ్వింది. పరాచికమనుకున్నది. తర్వాత అత్త మొఖం చూసింది, నా మొఖం చూసింది. సంచి కింద పడేసి గుంత కాడికి ఉరికింది.

మేం లోపటికి పోలే. పలక తీసిన సప్పుడు, సీస మూత తిరిగిన సప్పుడు ఇన్నం. నేనే మెల్లగ పోయిన. గుంత ఒడ్డున కాళ్లు లోపటికి ఏసి కూసున్నది, మా మామ కూసున్నట్టే.

"ఉప్పు తగిల్తె వెండి ఇరిగిపోతదక్కా" అన్నది, తల ఎత్తకుంట. "బాయినీళ్లు వద్దన్నది గూడ అందుకే. చెప్పాల్సింది. ఎందుకో చెప్పనే లేదు."

అత్త గుమ్మంల నిలబడి, "తిట్టు బిడ్డా. నోటినిండ తిట్టు" అన్నది.

"ఎందుకేశ్నవవ్వా?"

"పడ్తదనుకున్న."

పిల్ల ముక్కలను బయటికి తీసి, తను తెచ్చుకున్న స్వచ్ఛమైన నీళ్లల్ల కడిగి కడిగి మళ్ల చూసింది. మీద బూడిద పూసినట్టుంది. "పై పొర పోయింది. లోపట ఇన్ని రోజులు నానిన వెండి ఉన్నదో, అదీ పోయిందో దేవునికి ఎరిక." ఆమె దగ్గర మిగిలిన వెండి మందు ఒక్క సీసకే సరిపోతది. ఈ పాడైన ముక్కలకు పెట్టాల్నా, కొట్టంల మిగిలిన ఒకే ఒక్క బోదురుకప్పకు పెట్టాల్నా? ఆఖరికి, "రేపు కప్పను తీస్కపోతక్కా. కొత్తది నమ్మకం. ఉరికురికి చేస్తె కమిటీ నాటికి అందుకుంటదేమో" అన్నది. పాత ముక్కలను నీళ్లల్లనే ఉంచి గుంతల పెట్టింది.

తెల్లారి అత్త ఎవ్వరికన్నా ముందే లేచి ఆ కప్ప కాడ కూసున్నది. ఇంట్ల పిల్లి వస్తె కసిరింది, కాకి వస్తె కసిరింది. పిల్ల ఖాళీ తడిబట్ట సంచి చేతుల పట్టుకొని కప్పను తీసుకోనీకి కొట్టం దిక్కు వచ్చింది. గప్పుడే గల్లీల డప్పు ఇనపడ్డది.

మా గల్లీ ఆడోళ్లందరూ వచ్చిండ్రు. ఒకామె భుజాన రోకలి, అందరి చేతులల్ల యాపమండలు. కప్పతల్లి ఆట. వానలు పడకపోతె మా దిక్కు ఇట్లనే చేస్తరు. కప్పను బట్టల పెట్టి రోకలికి కట్టి ఇల్లిల్లు తిప్పుతరు, ప్రతి ఇంటోళ్లూ దాని మీద నీళ్లు పోసి మొక్కుతరు. ఆఖరికి దాన్ని నీళ్లల్ల ఇడిచిపెడ్తరు. గల్లీల పెద్దమనిషని కప్పను ఎప్పుడూ కట్టేది మా అత్తనే.

జంపఖానాలు నేసే ఇంటామె ముందల నిలబడి, "వదినే, పల్లె పల్లె తిరిగినం, ఒక్క కప్ప దొరకలే. మీ కొట్టంల ఉన్నదట గద, తే" అన్నది.

అత్త కొట్టం తలుపుకు అడ్డం నిలవడ్డది. "అది నాది కాదు."

"నీ ఇంట్ల ఉన్నది నీది కాకపోతె మరెవరిదే?"

"పిల్లది. దాని చదువు దాని మీద ఉన్నది. నేను ఇయ్య."

"ఇంటివా, కప్పతల్లిని కట్టే మనిషే ఇయ్యనంటాంది!" ఎనుక నుంచి ఎవరో అన్నరు. "చక్కెర బీమారి తలకాయకెక్కిందేమో."

"వాన పడకపోతె కొత్తవాడంత నీ ఇంటికొచ్చి నీళ్లు తాగుతదా వదినే?"

"మొక్కాల్సిన కప్పను కోయనీకి దాస్తాందమ్మా!"

అత్త కదలలే. నేను ఆమె పక్కకు పోయి నిలవడ్డ. మా ఆయన మగ్గం ఆపి గుమ్మంలకొచ్చి మళ్ల లోపటికి పోయిండు. ఆడోళ్ల ముచ్చట, ఆయనేం చేస్తడు. డప్పు ఆగింది. ఒకామె రోకలి కింద పెట్టింది, అంటె ఇక్కణ్నుంచి పోమని.

గప్పుడు పిల్ల ముందలికి వచ్చింది. చేతుల తడిసంచి అట్లనే ఉన్నది.

"తీస్కపొండ్రి అక్కా."

"వద్దు బిడ్డా!" అన్నది అత్త.

"తీస్కపోనీయవ్వా. మా వర్ధన్నపేటల చిన్నప్పుడు ఈ రోకలి ఒక కొన నేను గూడ మోసిన."

జంపఖానాలామె నోరు తెరిచింది. "మీరు గూడ ఆడ్తరా?"

"వాన మాకు గూడ కావాలె గదక్కా."

ఎవరో కిసుక్కున నవ్విండ్రు. జంపఖానాలామె జర మెత్తబడి, "అట్లయితె ఆడినంక నీకే తెచ్చిస్తం తీ" అన్నది. వెంటనే ఎనుకటి ముసలామె, "మొక్కినంక కోస్తదా? పాపం తగలదా మనకు?" అన్నది. అందరూ పిల్ల దిక్కు చూసిండ్రు. అత్త గూడ చూసింది. అత్త కండ్లల్ల ఏమున్నదో నేనిప్పటికీ చెప్పలేను. కోస్తనంటె ఆమె అడ్డం పోయేది కాదు, అదొక్కటి తెలుసు.

పిల్ల సంచిని మెల్లగ మడతపెట్టింది. "కొయ్య. నీళ్లల్ల ఇడిచిపెట్టండ్రి."

అత్తనే కప్పను పట్టింది, అత్తనే కట్టింది. తాడు కోసం దండెం మీది ఎర్రనూలు తెంపింది. పొద్దున్నే రంగేసిన నూలు అది, ఇంకా ఆరలే. మొదటి చెంబు మా ఇంటి ముందలనే పోసిండ్రు. ఆ నీళ్లకు ఎర్రరంగు కారి కప్ప నడుముకు వడ్డాణం పెట్టినట్టయింది. పిల్ల గూడ ఒక చెంబు పోసింది. పోసి, వాళ్లు పాట ఎత్తుకొని మలుపు తిరిగే లోపట్నే ఇంట్లకు పోయి గుంతల దిగి, ఉప్పు తగిలిన ఆ ముక్కలనే తీసి, మిగిలిన వెండి మందు మొత్తం వాటికే పోసింది. ఇంకో దారి లేదు.

వాళ్లు కప్పను పెద్దమోరి పక్క మడుగుల ఇడిచొచ్చిండ్రు. ఆ రోజు వాన పడలే. తెల్లారీ పడలే.

అత్త ఆ రోజు మాపటికి కంచం ముందల కూసొని, "నా దాంట్ల ఉప్పెయ్యకు. ఆ నరం కనపడే దాక నేను ఉప్పు ముట్ట" అన్నది. చప్పటి జొన్నగటుక, చప్పటి పప్పు. మా ఆయన "ఒట్లు పెట్టుకునే పానమా నీది?" అని కోపం చేసిండు. ఆమె ఇనలే. గుంత పక్కన చాప ఏస్కొని కాపలా పన్నది. నేను ఊడ్వనీకి పోయినా, "దూరం, దూరం" అని చీపురు కొసతోటే గీత గీసింది.

గేట్లు తెరిచినంక పిల్ల ముక్కలను లాబుకు తీస్కపోయి వాటిని మైనంల పెట్టి, పొరలు పొరలుగ కోసి, గాజు పలకల మీద అతికించింది. రోజూ మొఖం నల్లబడే వచ్చేది. కమిటీ కూసునే ముందటి రోజు అత్త మంచి చీర కట్టుకొని తయారైంది. "నేనొస్త. పాడుచేసింది నా చెయ్యి. చూసేదాక నాకు ఇంట్ల పొద్దుపోదు." ఆమెతోటి నేను పోక తప్పలే.

లాబుల ముక్కు పగిలే మందు వాసన. పిల్ల కిటికీ కాడ సూక్ష్మదర్శిని ముందల కూసొని ఒక్కొక్క గాజు పలక పెట్టుడు, చూసుడు, తీసుడు. "ఏం లేదు. నల్లరవ్వ పోసినట్టుంది... ఇదీ గంతే... ఇదీ గంతే." ఒక్కొక్క "గంతే"కు అత్త నా చెయ్యి ఇంకింత గట్టిగ పట్టుకున్నది. పలకల పెట్టె ఖాళీ అవుతాంది. ఇంక అడుగుకు వచ్చింది.

ఒక పలక కాడ పిల్ల చెయ్యి ఆగింది. చిన్న చక్రం ఒకటి తిప్పింది, మళ్ల ఎనుకకు తిప్పింది.

"ఏమైంది బిడ్డా? ఉన్నదా?"

పిల్ల లేచి అత్తను కుర్చీల కూసోబెట్టింది. అత్త ఒక కన్ను మూసింది, ఇంకో కన్ను మూసింది. "నాకు పసుపు తప్ప ఏం కనపడ్తలేదు. చక్కెర బీమారి తిన్న కండ్లు. నువ్వు చూసి చెప్పే" అని నన్ను తోసింది.

నేను చూసిన. పసుపు నీళ్లల్ల ముంచిన గుడ్డ లెక్క మొత్తం. ఒడ్డులకు నల్లఇసుక చల్లినట్టుంది, అది మా ఉప్పు చేసిన పని. నడుమ మాత్రం తేటగ ఉన్నది. ఆ తేటల ఒకే ఒక్క నల్లపోగు. ఎంత సన్నం అంటె, మా ఆయన నేసే నూలు దాని ముందల మోకంత. అది రక్తనాళం ఒడ్డు ఇడిచింది. రెండుగ చీలింది. ఒక చీలిక గుండ్రటి కణాల గుంపు నడుమకు పోయి, ఒక కణం కాడ చిన్న ముడి లెక్క ఆగింది.

"పోయిందత్తమ్మా" అన్న. "లోపటిదాక పోయింది. ముట్టింది."

పిల్ల కిటికీ దిక్కు తిరిగి కొంగుతోటి మొఖం తుడుచుకున్నది. అత్త ఇంకా భయంగనే ఉన్నది. "రేపు వాళ్లకు గూడ కనపడ్తదా? ఆ ఇసుకను చూసి వంక పెట్టరా?"

వంక పెట్టిండ్రు. తెల్లారి పిల్ల వచ్చేసరికి పొద్దుగూకబోతాంది. మేమిద్దరం గడపలనే ఉన్నం. కమిటీల ఒకాయన ఇది వట్టి మరక, రంగు చెడిపోయిన ముక్క అన్నడట. ఇంకొకాయన గూడ తల ఊపిండట. అప్పుడు వాళ్ల సారు, కప్పల నరం అంతదాక పోదని ముందునుంచి వాదించినాయనే, మళ్ల వంగి చాన సేపు చూసిండట. "మరకైతె కొమ్మలు చీలదు" అన్నడట. "ఒక్క కప్పల చూస్తె నమ్మ. ఇంకిన్ని కప్పలల్ల చూపెట్టు, అప్పుడు ఒప్పుకుంట" అన్నడట.

"అంటె నీ చదువు ఉన్నట్టా, పోయినట్టా?" అన్నది అత్త.

"ఉన్నట్టే అవ్వా."

అత్త లేచి లోపటికి తిరిగి, "గటుకల జర ఉప్పెయ్యే" అని నాకు చెప్పింది.

వాన పడ్డది ఇంక కొన్నాళ్లకు. ఒక పగటిపూట ఉరుము లేకుంట మొదలై గల్లీ నిండ పారింది. జంపఖానాలామె వాకిట్ల నిలబడి, "చూసినవా వదినే, మన కప్పతల్లి!" అని కేకేసింది. మోరీలల్ల, మడుగులల్ల ఎక్కడెక్కడి కప్పలో పైకొచ్చి ఒకటే అరుపు. అత్త చీర మోకాళ్ల పైకి దోపుకొని, రంగునీళ్లు వడగట్టే గుడ్డ పట్టుకొని వానలనే ఎల్లింది. తడిసి ముద్దయి వచ్చింది, గుడ్డల కప్పలు గంతులేస్తానయి. మొదటి దినం కప్పలను చూసి బిందె ఇడిచిన మనిషేనా ఇది అనుకున్న.

పిల్లకు ఇచ్చే ముందల ఒక్కొక్కదాన్ని ఎల్లకిల తిప్పి నడుము చూసింది. ఎర్రరంగు ఉన్నదేమో అని. కట్టినదాన్ని, మొక్కినదాన్ని కోతకు ఇయ్యద్దు గద. "ఇది కాదు... ఇది గూడ కాదు... తీస్కో బిడ్డా." ఆ వానకాలమంత గంతే. అత్త చూసి ఇస్తె పిల్ల ఓపికగ చెయ్యి చాపి తీసుకునేది. ఎర్రనడుము కప్ప ఒక్కటి గూడ దొరకలే. "అది మడుగుల సల్లగున్నది" అని అత్తకు నిమ్మలం.

పిల్ల చదువు పూర్తయింది, దూరపు ఊర్ల కాలేజీల పాఠం చెప్పే నౌకరి వచ్చింది. మా అత్త కాలం చేసిన ఏడు ఆ పిల్ల మమ్ముల చూడనీకి వచ్చింది. ఖాళీ గుంత ఒడ్డున కాళ్లేసి కూసొని చాయ తాగుకుంట, అప్పుడు చెప్పింది నాకు. కప్ప తన తోలు తనే ఇడుస్తుంటదట. ఇడిచి మింగుతదట. మా నూలురంగు దాని మీద వారం రోజులు గూడ ఆగి ఉండదట. అంటె అత్త నడుము చూసి ఇచ్చిన కప్పలల్ల అది గూడ ఉండొచ్చు.

"మరి అత్తకు ఎందుకు చెప్పలేదే?" అన్న.

ఆమె చాయ గ్లాసు గుంత ఒడ్డున పెట్టి, నల్లమరకలు ఇంకా పోని వేళ్లతోటి దాన్ని అటు ఇటు తిప్పింది.

"ఎట్ల చెప్పాలక్కా?" అన్నది.